కొలతల చిట్టా
సెన్సారు యంత్రముల కొలతలను కాలక్రమమున వ్రాసియుంచు విధము

హైదరాబాదు తూర్పుభాగమున అంబరుపేటకును మూసారాంబాగునకును నడుమ మూసీనదిపై తక్కువ ఎత్తున కట్టిన వంతెన యొకటి చిరకాలము రాకపోకలకు ఆధారముగా నుండెను. ఎగువనున్న ఉస్మానుసాగరు, హిమాయతుసాగరుల తలుపు లెత్తినపుడెల్ల, ఈ వంతెన మునుగునో మునుగదో యని ఇరుదరులవారును బెంగగొనుచుండెడివారు. 2020 అక్టోబరులోను, 2022 జూలైలోను వరద దానిపైకెక్కి పాఱినది. రాకపోకలు నిలిపివేయవలసి వచ్చినది. దానికి బదులు ఎత్తైన వంతెన కట్టు పనిని తరువాత పూనిరి.

పట్టణపు వంతెనతో పల్లెటూరి రైతున కేమి పని యని సభ్యులు కొందఱు అడుగవచ్చును. పని కలదు. మూసారాంబాగను పేరులో 'బాగు' అనగా తోట. ఇప్పుడచ్చట తోటలు లేవు, ఇండ్లు కలవు. అయినను ఆ వంతెన క్రిందుగా పోయిన నీరే నాగోలు దాటి, పీర్జాదిగూడ మొదలగు తావులలో ఏటియొడ్డున పారా గడ్డియు వరియు పండించు రైతుల మళ్లను చేరును. అటుపిమ్మట భువనగిరి, సూర్యాపేట ప్రాంతముల మీదుగా సాగి వాడపల్లికడ కృష్ణలో కలియును. మూసారాంబాగుకడ ఏఱు పొంగిన గడియకును, దిగువ రైతు తన మోటారును ఒడ్డెక్కించుకొనవలసిన గడియకును నడుమ ఎంత వ్యవధి యున్నది? ఈ ప్రశ్నకు జవాబు ఊహవలన రాదు. ఎగువ కొలతయు దిగువ కొలతయు ఒకే గడియారము ననుసరించి వ్రాయబడియుండిన యెడల, రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచి చెప్పవచ్చును. అట్లు వ్రాయబడకున్న, యంత్రములు నూఱు పెట్టినను చెప్పజాలము.

ఈ మాసము మేము చెప్పదలచిన విషయ మిదియే. వానను, నీటిమట్టమును, నేల తేమను కొలుచు సెన్సారులు నేడు చౌకగా దొరకుచున్నవి. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థవారు రాష్ట్రమునందు వేయికి మించి స్వయంచాలక వాతావరణ కేంద్రములను నిలిపియున్నారు. కొన్ని సహకార సంఘములును తమ గ్రామమున కొక పర్యవేక్షణ కేంద్రమును పెట్టుకొనదలచి మమ్ము సలహా అడుగుచున్నవి. ఏ యంత్రము కొనవలెనని అందఱును అడుగుదురు. కొలతలను ఏ తీరున వ్రాసియుంచవలెనని అడుగువారు అరుదు. మా యనుభవమున ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యము.

కొలతల వలన కలిగిన మేలు

1908 సెప్టెంబరు 28వ తేదీనాడు మూసీ పొంగి హైదరాబాదును ముంచిన కథ మీరు వినియే యుందురు. ఎగువనున్న చెఱువులు వరుసగా తెగెను; వేలకొలది జనులు మృతిచెందిరి. మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి ఆ వరదను పరిశీలించిరి. ఎచ్చట ఎంత వాన ఎన్ని గంటలలో కురిసెను, ఆ నీరు ఏయే వాగులగుండ వచ్చెను అను లెక్కలే వారి యోజనకు పునాది. వాన కురిసినదని జనులందఱు ఎఱుగుదురు. కాని తేదీయు గంటయు వేసి ఎవ్వరో వ్రాసియుంచిన అంకెలవలననే ఏటిపై ఎంత జలాశయము కట్టిన పట్టణము నిలుచునో లెక్కింప వీలయ్యెను. తత్ఫలితముగా 1920లో ఉస్మానుసాగరును, 1927లో హిమాయతుసాగరును ఏర్పడినవి. వానమానిని చదివి పుస్తకమున వ్రాసిన ఆ చిన్న యుద్యోగుల పేర్లు మన మెఱుగము. వారి పని మాత్రము నిలిచినది.

మా తప్పు

ఇతరులకు బోధించుటకు ముందు మా తప్పును ఒప్పుకొనుట న్యాయము. మేము చదువుకొన్న మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడొకడు పైన తేదీ వేయని పుటను దిద్దెడివాడు కాడు. ఎంత చక్కగా వ్రాసినను త్రిప్పి ఇచ్చివేసెడివాడు. ఆ పాఠము మాకు సగమే వంటబట్టినదని చాలకాలమునకు తెలిసినది.

మా పరిధిలోని ఒక గ్రామమున పరిశీలన బావిగా ఒక బోరుబావి నేర్పఱచి, పదునైదు దినముల కొకసారి నీటి లోతును వ్రాయించుచుంటిమి. ప్రతి కొలతకును తేదీ యున్నది. లోపమేమియు లేదని తలచితిమి. ఒక యేడు అక్టోబరులో లోతు 31 అడుగులు. మరుసటి యేడు అదే దినములలో 30½ అడుగులు. నీరు అరయడుగు పైకి వచ్చినదని సంఘసభలో చదివి వినిపించితిమి. పోయిన యేటివలెనే యాసంగి వరి వేసికొనవచ్చునని చెప్పితిమి. ఒక వృద్ధ రైతు మా మాట నమ్మి పోయిన యేటికన్న ఒక యెకరము ఎక్కువగా నాటెను.

శివరాత్రి నాటికి ఆయన బోరు గాలి పోసెను. పొట్టకు వచ్చిన వరి కండ్లయెదుట ఎండినది. కారణము వెదుకగా తేలినది ఇది: నడుమ వేసవిలో ట్రాక్టరు తగిలి పరిశీలన బావి కేసింగు గొట్టము వంగెను. బావి చూచుకొను బాలుడు వంగిన భాగము రెండడుగులు కోయించి, క్రొత్త అంచునుండి కొలుచుచుండెను. అతడు చేసినది తప్పు కాదు. మాతో చెప్పవలెనని అతనికెవ్వరు చెప్పలేదు. పాత అంచునుండి కొలిచినచో లోతు 32½ అడుగులు. అనగా నీరు అరయడుగు ఎక్కుటకు బదులు అడుగున్నర దిగినది. మా పుస్తకమున లోతు వ్రాయుటకు గడి యుండెను గాని, ఎచ్చటనుండి కొలిచితిమో వ్రాయుటకు గడి లేదు.

ఆ రైతు మమ్ము నిందింపలేదు. "అయ్యా, నా బావి అబద్ధమాడలేదు, తమ పుస్తకమే యాడినది" అని మాత్రమనెను. ఆ మాట మే మింకను మఱువలేదు. ఈ క్రింద వ్రాయు నియమములన్నియు ఆ యెకరము వరి నేర్పినవే.

రెండు పుస్తకములు

సంఘపు లెక్కలలో చిట్టా వేఱు, ఆవర్జా వేఱు అని సభ్యు లెఱుగుదురు. చిట్టాలో జమాఖర్చులు జరిగిన క్రమమున వ్రాయుదుము. ఆవర్జాలో ఎవరి ఖాతా వారికి విడదీయుదుము. సభ్యుని ఊరు, తండ్రి పేరు, వాటా మొదలగునవి ప్రతి పద్దులోను తిరిగి వ్రాయము. అవి సభ్యుల పట్టీలో నొకసారి యుండును. చిట్టాలో సభ్యుని అంకె వేసిన చాలును.

సెన్సారుల కొలతలకును ఇదియే పద్ధతి. మొదటిది యంత్రముల పట్టీ. ఇందు ప్రతి యంత్రమునకు మాఱని అంకె నొకదానిని ఇచ్చి, అది ఏ తావున నున్నది, ఏమి కొలుచును, ఏ ప్రమాణమున కొలుచును, ఎన్ని నిమిషముల కొకసారి కొలుచును, ఎచ్చటనుండి కొలుచును, ఎప్పుడు పెట్టిరి, ఎప్పుడు సరిచూచిరి అను సంగతులు వ్రాయవలెను. రెండవది కొలతల చిట్టా. ఇందు కొలతలు మాత్రము వచ్చిన వచ్చినట్లు చేరుచుండును. కాగితముపైనైనను కంప్యూటరులోని డేటాబేసునందైనను ఈ రెంటిని కలుపరాదు.

యంత్రమునకు తావు మాఱినను, గొట్టము తెగినను, పట్టీలోని పాత వరుసను కొట్టివేయరాదు. 'ఈ తేదీ వఱకు ఇట్లుండెను' అని పాత వరుసను ముగించి, 'ఈ తేదీ మొదలు ఇట్లున్నది' అని క్రొత్త వరుస వేయవలెను. అప్పుడు పోయిన యేటి కొలతను పోయిన యేటి అంచుతోను, ఈయేటి కొలతను ఈయేటి అంచుతోను లెక్కించుదుము. మాకు లేకపోయిన గడి యిదియే.

'ఎచ్చటనుండి' అను మాటకు పెద్ద యుదాహరణము మన జలాశయములే. ఉస్మానుసాగరు పూర్తిమట్టము 1790 అడుగులనియు, హిమాయతుసాగరుది 1763½ అడుగులనియు పత్రికలలో చదువుదుము. అది చెఱువు లోతు కాదు. సముద్రమట్టమునుండి లెక్కించిన ఎత్తు. సంగతి తెలియనివాడు ఒక చెఱువునకు సముద్రమట్టమునుండియు, వేఱొక చెఱువునకు అడుగునుండియు కొలిచి ఒకే గడిలో వ్రాసినచో, ఆ పుస్తకము చూచి తలుపులెత్తుమని చెప్పువాని గతి యేమగును?

చిట్టాలో ఒక వరుస

చిట్టాలో ప్రతి వరుసయందును ఆఱు సంగతు లుండవలెను: యంత్రపు అంకె, కొలిచిన కాలము, కొలిచిన విషయము, విలువ, కొలత యొక్క మంచిచెడ్డల గుర్తు, చిట్టాకు చేరిన కాలము. ఉదాహరణమునకు:

బావి 7, 15-10-2024, ఉదయము 8:00, నీటి లోతు, 9.40 మీటర్లు; సరి; చేరినది 8:05.

కొలిచిన కాలమును, చేరిన కాలమును రెండును ఎందులకని అడుగుదురేమో. గాలివానలో సెల్లు గోపురము పనిచేయకపోవచ్చును. యంత్రము తన కొలతలను తనలో దాచుకొని, మార్గము తెఱచుకొనిన పిమ్మట అన్నిటిని ఒక్కపెట్టున పంపును. రాత్రి 2 గంటల వరద కొలత ఉదయము 9 గంటలకు చేరినది. చేరిన కాలమునే వరద కాలముగా వ్రాసినచో ఏఱు ఏడు గంటలు ఆలస్యముగా పొంగినట్లగును. కొలిచిన కాలము ఏటి సంగతి చెప్పును. చేరిన కాలము మన యేర్పాటు సంగతి చెప్పును. హెచ్చరిక ఏల ఆలస్యమైనదని సభలో అడిగినప్పుడు రెండవదియే సాక్ష్యము.

అట్లు తిరిగి పంపునపుడు ఒకే కొలత రెండుసారులు రావచ్చును. ఒకే రసీదును రెండుమార్లు జమ కట్టినట్లు వానను రెండింతలుగా లెక్కింతుము. కావున ఒక యంత్రమునకు, ఒక గడియకు, ఒక విషయమునకు ఒక్క వరుసయే యుండవలెనను కట్టడి డేటాబేసులో మొదటనే పెట్టవలెను.

ఇక గడుల సంగతి. వానకొక గడి, వేడిమికొక గడి, తేమకొక గడి అడ్డముగా గీసి, గడియకొక వరుస వేయుట ఒక పద్ధతి. ఒక్కొక్క కొలత కొక్కొక్క వరుస వేయుట రెండవ పద్ధతి. ఒకే స్తంభముమీది యంత్రములు ఒకే గడియకు కొలుచుచు, ఎన్నడును మాఱకుండునేని మొదటిది పొదుపు. కాని సంఘములలో ఈయేడు వానమాని పెట్టుదురు. వచ్చే యేడు నేల తేమ యంత్రము చేర్చుదురు. ఆపై బావి యంత్రము. ప్రతిసారియు పుస్తకమును తిరిగి గీయవలసి వచ్చును. పాత పుటలలో ఖాళీ గడులు నిండును. క్రమముగా పెరుగదలచిన సంఘమునకు రెండవ పద్ధతియే మేలని మా యభిప్రాయము.

గడియారపు చిక్కు

మన దేశకాలము గ్రీనిచ్చి కాలముకన్న 5½ గంటలు ముందు. యంత్రములు పెక్కు గ్రీనిచ్చి కాలముననే వ్రాయును. జూలై 27వ తేదీ తెల్లవాఱుజామున 2 గంటలకు పొంగిన ఏఱు, ఆ యంత్రపు లెక్కలో 26వ తేదీ రాత్రి 8:30 గంటలకు పొంగినది. ఒక యంత్రము దేశకాలమునను, ఒకటి గ్రీనిచ్చి కాలమునను వ్రాసినచో, దిగువ ఏఱు ఎగువ ఏటికన్న ముందు పొంగినట్లు పుస్తకము చూపును. ఏదో యొక కాలమును నిశ్చయించి, చిట్టా యంతయు దానియందే వ్రాయించి, రైతునకు చూపునపుడు మాత్రము దేశకాలమునకు మార్చి చూపవలెను.

వానదినమన్నది వేఱు. వాతావరణశాఖవారి దినము ఉదయము 8:30 గంటలకు మొదలై మరుసటి ఉదయము 8:30 గంటలకు ముగియును; ముగిసిన తేదీక్రింద ఆ వానను వ్రాయుట వారి వాడుక. 13-10-2020 సాయంకాలము మొదలు రాత్రియంతయు హైదరాబాదులోను పరిసరములలోను కుంభవృష్టి కురిసెను. ఘట్‌కేసరు ప్రాంతమున 30 సెంటీమీటర్లకు మించి పడినది. జనులు దానిని 13వ తేదీ వాన యందురు. వాతావరణశాఖ పుస్తకమున అది 14వ తేదీ వాన. రెండును తమ తమ లెక్కలో సరియే. కాని మన చిట్టాలో ఏ లెక్కయో ముందు వ్రాసికొననిచో, ఒకే వానను రెండు వానలుగా గాని, రెంటిని ఒకటిగా గాని భ్రమపడుదుము. గంట గంటకు వచ్చిన కొలతలను అట్లే యుంచినచో ఏ దినపు లెక్క కావలసినను కట్టుకొనవచ్చును. దినపు మొత్తమును మాత్రమే యుంచుకొన్నవాడు గంటలను తిరిగి తెచ్చుకొనజాలడు.

సున్న వేఱు, ఖాళీ వేఱు

వాన పడనినాడు సున్న వ్రాయవలెను. వానమానిని చూడనినాడు గడి ఖాళీగా విడువవలెను. ఈ రెంటికిని హస్తిమశకాంతరము గలదు. ఊరి జాతరకు పోయి నాలుగు దినములు కొలువనివాడు సిగ్గుపడి నాలుగు సున్నలు వేయును. ఆ నాలుగు సున్నలవలన ఆ మాసమున కఱవు వచ్చినట్లు పుస్తకము సాక్ష్యమిచ్చును. యంత్రములును ఈ తప్పు చేయును. తీగె ఊడినచో కొన్ని సున్న పంపును, కొన్ని 999 వంటి అర్థములేని అంకె పంపును. అట్టి అంకెను విలువగా గ్రహింపక 'చెడినది' అను గుర్తు వేయవలెను.

తప్పు కొలత కనబడినపుడు చెరిపి దిద్దరాదు. సంఘపు చిట్టాలో చెరిపివేతలుండిన ఆడిటరు ఒప్పుకొనునా? మూలపు అంకెను అట్లే యుంచి గుర్తు వేసి, సరియైన అంకెను ప్రక్కన చేర్చి, ఎవరు ఎప్పుడు ఏల దిద్దిరో వ్రాయవలెను. నేడు తప్పని తోచినది రేపు నిజమని తేలవచ్చును. కుంభవృష్టి కురిసిన రాత్రి కొలత మొదట అందఱికిని తప్పుగనే తోచును.

కూడికలు, సగటులు

చిట్టా పెరిగినకొలది కుదించిన లెక్కలు కావలసివచ్చును. ఇచ్చట విషయమును బట్టి పద్ధతి మాఱును. వానను కూడవలెను. వేడిమికి సగటుతోపాటు అధికమును అల్పమును ఉంచవలెను. ఏటిమట్టమునకు సగటు నిరుపయోగము. అన్నింటికన్న హెచ్చు మట్టమును అది వచ్చిన గంటయు కావలెను. పగలంతయు మూడడుగులు పాఱి ఒక్కగంట పదునైదడుగులు పొంగిన ఏటికి దినపు సగటు మూడున్నర అడుగులు. ఆ యంకె వంతెనను గాని మోటారును గాని కాపాడజాలదు.

వాన యంత్రమునందు చిన్న తూగుడు దోనె యుండును. యంత్రమును బట్టి 0.2 గాని 0.5 గాని మిల్లీమీటరు వాన నిండగనే అది ఒరిగి ఒక లెక్క పెట్టును. కొన్ని యంత్రములు ఆ గంటలో పడిన వానను పంపును. కొన్ని మొదటినుండి పడిన మొత్తమును పంపును. రెండవ జాతివాని కొలతలను కూడరాదు. వెనుకటిదానిని ముందటిదానినుండి తీసివేయవలెను, కరెంటు మీటరు చదివినట్లు. బ్యాటరీ మార్చినపుడు ఆ మొత్తము మరల సున్నకు వచ్చును. అప్పుడు తీసివేసినచో వాన ఆకాశమునకు తిరిగి పోయినట్లు ఋణసంఖ్య వచ్చును. ఏ జాతి యంత్రమో పట్టీలో వ్రాసియున్న ఈ చిక్కు లేదు.

ప్రతి కుదించిన లెక్కప్రక్కను 'రావలసిన కొలతలు ఇన్ని, వచ్చినవి ఇన్ని' యని వ్రాయవలెను. 24కు 24 వచ్చిన దినపు వానయు, 24కు 15 వచ్చిన దినపు వానయు ఒకేవిధముగా నమ్మదగినవి కావు.

చిట్టా బరువు

పదునైదు నిమిషముల కొకసారి కొలుచు యంత్రము దినమునకు 96, ఏడాదికి 35,040 కొలతలు పంపును. అట్టివి పది యున్నచో మూడున్నర లక్షల వరుసలు. కంప్యూటరునకు ఇది గొప్ప బరువు కాదు గాని, అమరిక లేనిచో వెదకుట భారమగును. రైతు అడుగు ప్రశ్న యెప్పుడును ఒక్క తీరున నుండును: 'ఈ బావి, ఆ దినము మొదలు ఈ దినము వఱకు'. కావున చిట్టాను మాసమున కొక సంపుటముగా విభజించి, అందు ముందు యంత్రపు అంకె, తరువాత కాలము అను వరుసలో సూచిక ఏర్పఱచవలెను. అదియే మన ఆవర్జా. నెల గడచిన సంపుటమును మూసి నకలొకటి వేఱొక తావున దాచవలెను. దినపు, మాసపు కుదింపులు ఎన్నటికిని ఉండవలెను. మూలపు కొలతలను తీసివేయవలసి వచ్చినను సంఘము తీర్మానించి చేయవలెనే గాని, గుమాస్తా ఇష్టమునకు విడువరాదు.

మౌనమును ఒక వార్తయే

పర్యవేక్షణ యనగా అంకెలు చూచుట మాత్రమే కాదు. ఏటియొడ్డున మట్టము కొలుచు యంత్రమును వరద కొట్టుకొనిపోయె ననుకొనుడు. కేంద్రపు తెరమీద చివరి కొలత అట్లే నిలిచియుండును: ఏడడుగులు. చూచువాడు ఏఱు నెమ్మదిగా నున్నదని నిద్రపోవును. అందువలన ప్రతి అంకెప్రక్కను అది ఎంతసేపటి క్రిందటిదో కనబడవలెను. పదునైదు నిమిషములకు రావలసినది వరుసగా మూడుమార్లు రాకపోయిన, ఆ మౌనమునే హెచ్చరికగా పంపవలెను. ఎగువ వాన కురియుచుండగా రాత్రియంతయు ఒకే యంకెను మార్పులేక పంపు యంత్రమును గూడ అనుమానింపవలెను.

మూసారాంబాగు వంటి తావున ఇంకొక మెలకువ కలదు. అచ్చటి ఏటికి నీరు రెండు మార్గముల వచ్చును: జలాశయముల తలుపులనుండి యొకటి, పట్టణపు కాలువలనుండి మఱొకటి. తలుపులు మూసియున్నను పట్టణమున కుంభవృష్టి కురిసిన ఏఱు పొంగును. పట్టణమున చినుకు లేకున్నను ఎగువ తలుపులెత్తిన పొంగును. తలుపుల నీరు క్యూసెక్కులలో, వాన మిల్లీమీటర్లలో, మట్టము అడుగులలో వచ్చును. మూడింటిని ఒకే కాలక్రమమున నిలిపినపుడే ఏ పొంగు దేనివలన కలిగెనో, ఎన్ని గంటలకు దిగువకు చేరెనో తెలియును.

రైతులు చేయజాలిన పని

ఇదంతయు ఇంజనీర్లకు గాని మనకు గాదని నిరుత్సాహపడవలదు. ఈ శతాబ్దపు మొదటి దశకమున, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నాటి ఆంధ్రప్రదేశమున ఏడు కఱవు జిల్లాలలో భూగర్భజల పథకమొకటి నడచెను. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరు, నల్లగొండ జిల్లాలలో ఆఱువందలకు మించిన పల్లెలలో స్త్రీలును పురుషులును తామే వానను దినదినము కొలిచిరి. పరిశీలన బావుల నీటి లోతును పదునైదు దినముల కొకసారి కొలిచిరి. ఊరి నడుమ గోడపలకలపై అందఱికి కనబడునట్లు వ్రాసిరి. యాసంగికి ముందు కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత యని లెక్క కట్టి పంటలు నిర్ణయించుకొనిరి. చదువురానివారును ఆ పలకను చదువ నేర్చిరి. యంత్రము కన్న పద్ధతి ముఖ్యమనుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలెను?

కావున సభ్యులకు మా మనవి యిది. సెన్సారులు కొనుటకు ముందు ఈ మాసముననే నోటుపుస్తకములు రెండు తెప్పింపుడు. ఒకదానియందు యంత్రముల పట్టీ, రెండవదానియందు కొలతల చిట్టా ప్రారంభింపుడు. ఉన్న వానమానిని, ఉన్న బావిని కొలువుడు. బావి గొట్టపు అంచున రంగుతో గీత గీసి, నేలనుండి దాని ఎత్తును పట్టీలో వ్రాయుడు. సున్నకును ఖాళీకిని భేదము బాలురకు నేర్పుడు. ఆఱు మాసములు ఇట్లు నడచిన సంఘమునకు ఏ కంప్యూటరు వేదిక యైనను సులభముగా అమరును. నడువనిదానికి ఎంత వెలపెట్టిన యంత్రమైనను గోడ గడియారమువలె అలంకారము మాత్రమే యగును.

కొలిచినవాడు రేపు ఊరిలో ఉండకపోవచ్చును. మేమును మఱొక పరిధికి మారవచ్చును. అప్పుడు పుస్తకము తెఱచినవాడు మమ్ము పిలిచి అడుగ నవసరము లేకుండ, ఆ వరుసయే తన తావును, తన గడియను, తన అంచును, తన ప్రమాణమును చెప్పవలెను. అట్లు చెప్పు వరుసలున్న యెడల మఱొక వృద్ధునిచే 'తమ పుస్తకమే అబద్ధమాడినది' అనిపించుకొను దుస్థితి మన సంఘములలో నెవ్వరికిని రాదు.